ఒడ్డు పెట్టిన పేరు

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వెళ్తున్నాం. మోటారు సైకిళ్లు, కొబ్బరికాయల బస్తాలు, పెళ్లికి పోతున్న పట్టుచీరలు, అన్నీ ఒక్క బల్లకట్టు మీదే. పక్కన నిలబడ్డ పెద్దాయన నా మిత్రుణ్ని పలకరించాడు.

‘‘తమరెవరి తాలూకండీ?’’

‘‘లంకా వారమండీ.’’

‘‘ఆయ్, ఏ లంకండీ?’’

‘‘లంకంటే ఊరు కాదండీ, మా ఇంటిపేరు.’’

‘‘ఇంటిపేరు సరేనండీ. ఏ లంక నుంచొచ్చిందో చెబుతారేమోనని.’’

మావాడి దగ్గర జవాబు లేదు. వాళ్లది తాతల నాటి నుంచీ కాకినాడ. లంకలో కాలు పెట్టిన పాపాన పోలేదు. ఎగువ నుంచి వచ్చిన అలకి పంటు కాస్త ఊగింది, మాట అక్కడితో తెగిపోయింది. పెద్దాయన అడిగినది మాత్రం నన్ను వదల్లేదు. కొండ, కోన, ఏరు, లంక, రేవు, పర్రు లాంటి నేల రూపాలు మనుషుల ఇంటిపేర్లు ఎలా అయ్యాయి? ఆ పేర్లని బట్టి ఒక కుటుంబం గురించి ఎంతవరకు చెప్పవచ్చు, ఎక్కడ ఆగాలి?

లంక దగ్గరే మొదలుపెడదాం. గోదావరి ధవళేశ్వరం దిగువన గౌతమిగా, వసిష్ఠగా చీలుతుంది. వసిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. నేల వాలు తగ్గేకొద్దీ నీటి వడి తగ్గుతుంది, వడి తగ్గిన చోట ఏరు తన మోత దించుకుంటుంది. ముందు ఇసుక మేట. దాని మీద రెల్లు. మరుసటి ఏటి వరదలో రెల్లు దుబ్బులకి ఒండ్రు చిక్కుకుంటుంది. కొన్ని వరదలు పోయేసరికి పశువులు మేసే నేల, ఆ తర్వాత పొగాకు, మిరప, అరటి. ఇంకొన్నాళ్లకి పాకలు, రామాలయం, బడి. ఇలా నీళ్ల నడుమ లేచిన నేలే లంక. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గరే పిచ్చుకలంక, బొబ్బర్లంక ఉన్నాయి. రావులపాలెం పక్కన ఊబలంక. రాజోలు వైపు గుడిమెళ్లంక, రామరాజులంక. కొన్ని లంకలు ఇప్పుడు పేరుకే లంకలు. మొక్కల నర్సరీలకి పేరుపడ్డ కడియపులంకలో లారీ దిగినవాడికి నాలుగు దిక్కులా పూలమొక్కలే కనిపిస్తాయి గాని నీళ్లు కనిపించవు.

లంక అనగానే రావణుడు గుర్తొస్తాడు. ఈ ఇంటిపేరు వాళ్లని బడిలో ఆ పేరుతో ఏడిపించడం మామూలే. ‘మా పూర్వీకులు సింహళం నుంచి వచ్చారు’ అని గంభీరంగా చెప్పేవాళ్లూ తగులుతారు. నిజానికి పండితుల్లోనూ రావణుడి లంకని సింహళం నుంచి కదిలించినవారున్నారు. పురావస్తువేత్త హెచ్.డి. సంకాలియా రామాయణ లంకని సింహళంలో కాక మధ్యభారతంలో వెతికారు. ఆ వాదం నిలిచిందా లేదా అన్నది వేరే గొడవ. గోదావరి మనిషికి లంక పురాణం కాదు, పొలం. ‘లంకకెళ్లి గడ్డి కోసుకొస్తా’ అనే మాటలో రావణుడికి చోటు లేదు.

ఇంతకీ లంకలో పుట్టిన ప్రతివాడూ ‘లంకా వారు’ ఎందుకు కాలేదు? నాకు తోచిన జవాబు ఇది. ఉన్న చోటు ఎవరికీ ఇంటిపేరు కాదు, వదిలి వచ్చిన చోటే అవుతుంది. లంకలో ఉన్నంతకాలం అందరూ లంకవాళ్లే, అక్కడ ఆ మాటతో ఒకరి నుంచి ఇంకొకరిని విడదీయలేం. ఏరు దాటి గట్టు మీది ఊళ్లో ఇల్లు కట్టుకున్ననాడు, ‘ఆ కొత్తగా వచ్చిన సుబ్బయ్య ఎవరు?’ అంటే, ‘లంక సుబ్బయ్య’. పేరు పెట్టింది అవతలి ఒడ్డు.

ఇది గాలిలోంచి తీసిన ఊహ కాదు. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1848లో పుట్టింది రాజమండ్రిలో, ఇంటిపేరు మాత్రం దక్షిణాన ఉన్న కందుకూరుది. పూర్వులు అక్కణ్నుంచి వచ్చినవారు కాబట్టి ఆ ఇంటిపేరు. కందుకూరులోనే ఉండిపోయి ఉంటే ఊరందరితో పాటు వాళ్లూ కందుకూరు వాళ్లే, ప్రత్యేకంగా ‘కందుకూరి వారు’ కావలసిన అవసరం వచ్చేది కాదు. ఊరి పేరు విషయంలోనూ ఇదే తమాషా. యానానికి గౌతమి అవతల ఉన్న ఊరు ఎదుర్లంక, లోక్‌సభ స్పీకరుగా పనిచేసిన జి.ఎం.సి. బాలయోగి పుట్టిన ఊరు. ‘ఎదురు’ని వెదురుతో ముడిపెట్టేవాళ్లు పెట్టవచ్చు. నాకైతే అది ‘ఎదురుగా ఉన్న లంక’గానే వినిపిస్తుంది. తనకి తాను ఎదురుగా ఉన్నానని ఏ ఊరూ అనుకోదు. ఆ పేరు ఇవతల నిలబడి చూసినవాడు పెట్టినదే.

ఇక రెండో దారి. ‘లంక’లాగా నేలరూపం నేరుగా ఇంటిపేరయినవి తక్కువ. ఎక్కువ పేర్లు ఊరి గుండా వచ్చాయి. నేల రూపం ముందు ఊరి పేరయింది, ఆ ఊరు తర్వాత ఇంటిపేరయింది. ఈ దారిలో తెలుగు వ్యాకరణం ఒక గుర్తు వదిలిపెట్టింది. నాకు ఈ విషయమంతట్లో ఇష్టమైన భాగం ఇదే, కాబట్టి కాస్త నిదానిస్తాను.

పెరవలి దగ్గర వసిష్ఠ గట్టున కాకరపర్రు అనే ఊరుంది. ఆ ఊరి పేరు మోసే కుటుంబాలు కాకరపర్రు వారు కారు, కాకరపర్తి వారు. విజయవాడలో కాకరపర్తి భావనారాయణ కళాశాల పేరు చూసినవాళ్లకి ఆ మాట తెలిసే ఉంటుంది. ఆత్రేయపురం వైపు వద్దిపర్రు ఉంది, ఇంటిపేరు వద్దిపర్తి. కోనసీమలో మట్టపర్రుకి మట్టపర్తి. ‘ర్రు’ పోయి ‘ర్తి’ వచ్చింది. రాయి-రాతి, గోయి-గోతి, చేయి-చేతి అన్నట్టే ఇదీ. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో ఇ, టి, తి అనే మూడింటినీ ఔపవిభక్తికాలన్నాడు. ‘ఫలానా దాని’ అని సంబంధం చెప్పవలసి వచ్చినప్పుడు మాట చివర చేరే ముక్కలివి. ఊరు ‘ఊరి’ అవుతుంది, అందుకే నేదునూరు నుంచి నేదునూరి వారు, కందుకూరు నుంచి కందుకూరి వారు. ఏరు ‘ఏటి’ అవుతుంది. పాడు ‘పాటి’ అవుతుంది, అందుకే ఉప్పలపాటి, చింతలపాటి.

అంటే కాకరపర్తి అన్నది పేరు కాదు, సగం వాక్యం. ‘కాకరపర్రుకి చెందిన...’ అని మొదలై ఆగిపోయిన మాట. తర్వాత వచ్చే మనిషి పేరు దాన్ని పూర్తి చేస్తుంది. మనవాళ్లు ఇంటిపేరు ముందు పెట్టడం ఆచారం కాదు, భాష నడకే అంత. ఇంగ్లిషు ఫారాల్లో ‘లాస్ట్ నేమ్’ గడిలోకి ఈ మాటని తోసినప్పుడు ఎక్కడో ఇబ్బందిగా అనిపించేది కూడా అందుకే కాబోలు. ‘కి చెందిన’ అన్న మాట వాక్యం చివర వేలాడుతుంది.

ఈ వ్యాకరణం వల్ల ఒక లాభం ఉంది. ఊరి పేరు మారిపోయినా, ఊరే ఏట్లో కలిసిపోయినా, ఇంటిపేరులోని ‘తి’, ‘టి’ చూసి వెనకటి రూపం పట్టుకోవచ్చు. చివర ‘పర్తి’ ఉంటే చాలావరకు ఎక్కడో ఒక పర్రు ఉండి ఉంటుంది. స్థలనామాల మీద జీవితమంతా పనిచేసిన యార్లగడ్డ బాలగంగాధరరావు లాంటివారు ఊళ్ల పేర్లు తవ్వి తీసిన తర్వాతనే ఇంటిపేర్ల మీద నమ్మదగిన మాట చెప్పడం వీలయింది. దానికి ముందు చాలామంది చెప్పినవి కథలు.

మరి పర్రు అంటే? ఇక్కడ జాగ్రత్త కావాలి. సముద్రం వైపు చవిటి తగిలిన పల్లపు బీళ్లని ఇప్పటికీ పర్ర భూములంటారు. డెల్టాలో ఉన్న పర్రులన్నీ అలాంటి నేలమీద లేచిన ఊళ్లేనని చెప్పేయాలనిపిస్తుంది. కాని పుట్టపర్తి ఎక్కడుంది? వనపర్తి ఎక్కడుంది? అక్కడ సముద్రమూ లేదు, చవిటి పర్రలూ లేవు. మన అనపర్తికి కూడా ఉప్పునీళ్లు చాలా దూరం. కాబట్టి రెండు వేరువేరు మాటలు కాలక్రమేణా ఒకే రూపానికి వచ్చి ఉండాలి, లేదా పాత పర్రుకి ఉత్త నేల, పొలం అనే అర్థం ఉండి, తీరంలో అది చవిటి నేలకి పరిమితమై ఉండాలి. నేను రెండో వైపు మొగ్గుతాను, పందెం మాత్రం కట్టను.

కుర్రు కథ కాస్త తేట. కాట్రేనికోన దగ్గర పల్లంకుర్రు ఉంది. కోనసీమలో ఇంకా కుర్రులున్నాయి. తుళునాట మంగళూరు వైపు ఏటి నడుమ దీవిని కుద్రు అంటారు. మన కుర్రుకీ వాళ్ల కుద్రుకీ చుట్టరికం ఉందనిపిస్తుంది. అదే నిజమైతే లంకకి ముందు డెల్టాలో దీవిని కుర్రు అని పిలిచిన కాలం ఒకటి ఉండి ఉంటుంది. లంక కొత్త కోడలు, కుర్రు పాత అత్తగారు.

నేలరూపం నేరుగా ఇంటిపేరయిందనిపించే పేర్లని దగ్గరగా చూస్తే సగం చేజారిపోతాయి. కోనసీమలో ‘కడలి’ ఇంటిపేరు విరివిగా ఉంది. సముద్రం ఒడ్డున ఉండేవాళ్లకి ఆ పేరు తగినదే అనుకుంటాం. కాని అక్కడి జాలరి సముద్రాన్ని ‘సంద్రం’ అంటాడు గాని కడలి అనడు. కడలి పద్యాల్లోని మాట. పైగా రాజోలు పక్కన కడలి అని ఊరే ఉంది. కాబట్టి కడలి వారిలో ఎక్కువమంది ఆ ఊరి మీదుగా వచ్చినవారే అయి ఉండాలి. ఊరికి ఆ పేరెందుకొచ్చిందో అది మరో ప్రశ్న. ‘మెట్ల’ ఇంకో చిక్కు. అమలాపురం రాజకీయాల్లో మెట్ల సత్యనారాయణరావు పేరు తెలియనివారు లేరు. ఆ ఇంటిపేరు మెట్టు నుంచి వచ్చిందా, మెట్ట నుంచి వచ్చిందా? రెండింటికీ ‘మెట్ల’ రూపం కుదురుతుంది. మెట్ట అయితే నా వాదానికి బలం. పల్లపు సీమలోకి దిగివచ్చిన మెట్టప్రాంతం మనిషికే ఆ పేరు అతుకుతుంది. పెద్దాపురం మెట్టలో అందరూ మెట్టవాళ్లేనాయె.

‘వాడ్రేవు’ని చూడండి. పాత తెలుగులో ఓడని వాడ అన్నారు, వాడబలిజలు, చీరాల దగ్గరి వాడరేవు ఆ మాటకి సాక్ష్యం. వాడ్రేవులో ఓడలు ఆగే రేవు కనిపిస్తూనే ఉంది. కథకురాలు వాడ్రేవు వీరలక్ష్మీదేవి పేరు చదివినప్పుడల్లా నాకు తెరచాపలే కళ్ల ముందు కదులుతాయి. కృష్ణ ముఖద్వారంలో దీవిసీమ, దాని పక్కనే ‘దీవి’ ఇంటిపేరు. బాపట్ల వైపు ‘కోన’, స్పీకరుగా, గవర్నరుగా చేసిన కోన ప్రభాకరరావు ఇంటిపేరు అదే. మన సీమ పేరులోనూ కోనే ఉంది. లోయకీ కోన అంటాం, మూలకీ కోన అంటాం. కొండల్లేని కోనసీమలో రెండో అర్థమే నిలుస్తుంది.

ఇక ఒకే ఇంటిపేరున్నవాళ్లంతా ఒక్క చెట్టు కొమ్మలేనా? కారు. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. నన్నయకి ఇంటిపేరు మనకి తెలియదు, పదమూడో శతాబ్దపు తిక్కన నాటికి ‘కొట్టరువు’ వచ్చేసింది. అప్పటినుంచీ ఇంటిపేరు చేసిన పని చిరునామా చెప్పడం. వంశం చెప్పే పని గోత్రానిది. లంకలు పదులకొద్దీ ఉన్నాయి, ఒక్కో లంక నుంచి ఒక్కో కాలంలో ఒక్కో కులంవాళ్లు ఒడ్డెక్కారు. లంకా వారు బ్రాహ్మణుల్లో ఉన్నారు, కాపుల్లో ఉన్నారు, దళితుల్లో ఉన్నారు. 1952 తొలి లోక్‌సభకి విశాఖపట్నం నుంచి స్వతంత్రుడిగా నెగ్గిన లంకా సుందరంగారినీ, సఖినేటిపల్లి పంటు మీద నా పక్కన నిలబడ్డవాణ్నీ ఒక తాత మనవళ్లని చెప్పడానికి ఇంటిపేరు ఒక్కటే ఆధారం అయితే, అది ఆధారం కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలరుగా చేసిన లంకపల్లి బుల్లయ్యగారి ఇంటిపేరులోనూ లంక ఉంది, అయితే అది పల్లె తోడు తెచ్చుకున్న లంక, మళ్లీ వేరే దారి.

పైగా ఇంటిపేరు మారదనీ అనుకోకూడదు. పెద్దాపురం సీమలో భర్తృహరి సుభాషితాలని తెలుగు చేసిన ఏనుగు లక్ష్మణకవి వంశం వారు మొదట పైడిపాటివారనీ, పూర్వులకి ఒక రాజు ఏనుగుని బహుమానమిస్తే ఆ గౌరవం ఇంటిపేరై కూచుందనీ చెబుతారు. ఏనుగు వచ్చేసరికి పైడిపాడు అవతలికి జరిగింది. లంకని వదిలేసి పంతులో, చౌదరో, నాయుడో చివర తగిలించుకున్న ఇళ్లు ఎన్నున్నాయో లెక్క ఎవరి దగ్గరా లేదు.

పాత తూర్పుగోదావరి జిల్లాలో ఊళ్లకి కూడా ఇంటిపేర్లుంటాయి, నవ్వకండి. పి. గన్నవరం, ఐ. పోలవరం, కె. గంగవరం, జి. పెదపూడి. గన్నవరాలు, పెదపూడులు ఎక్కువైపోయి, పోస్టుమాను తికమక పడకుండా ఒక పొడి అక్షరం ముందు తగిలించారు. జి. పెదపూడి అంటే గంటి పెదపూడి, గంటి పక్కనున్న పెదపూడి. మనిషికి ఇంటిపేరు రావడానికీ ఊరికి పొడి అక్షరం రావడానికీ కారణం ఒక్కటే. ఒకే పేరు ఇద్దరికి ఉండడం.

లంక పేరు ఎక్కడిదాకా పోయిందో చూస్తే ఆశ్చర్యమే. లంక నేలలో పండిన పొగాకుకి ఘాటెక్కువ. దాంతో చుట్టిన చుట్టలు చెన్నపట్నం దొరలకి బాగా రుచించాయి. 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు ‘లుంకా’ అనే చుట్టని గోదావరి లంకల పేరుతోనే వివరించింది. నాలుగేళ్లకి, 1890లో, కానన్ డాయిల్ ‘ది సైన్ ఆఫ్ ఫోర్’ నవలలో షెర్లాక్ హోమ్స్ చేత ఆ చుట్ట మాట అనిపించాడు. చుట్ట బూడిద చూసి హంతకుణ్ని పట్టే విద్య అతనిది. మా లంక పొగాకు బూడిద లండన్ నేరపరిశోధనలోకి ఎక్కింది. లంకా వారి ఇళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లు ఎందరో గాని, రావణుడి కథకంటే ఇదే ఘనంగా చెప్పుకోదగ్గది.

గోదావరి నుంచి సముద్రం దాటిన మనుషుల సంగతి ఇందుకు తిరగబడింది. తాళ్లరేవు పక్కనున్న కోరంగి పందొమ్మిదో శతాబ్దంలో పెద్ద రేవు. అక్కణ్నుంచి బర్మాకీ, మారిషస్‌కీ కూలికి పోయినవాళ్లకి ఆ రేవు పేరే మిగిలింది. బర్మాలో తెలుగు కూలీని కోరంగి అన్నారు, మారిషస్‌లోనూ అంతే. అయితే ఓడ ఎక్కేటప్పుడు కాగితం రాసిన గుమాస్తా అడిగింది మనిషి పేరు, తండ్రి పేరు. ఇంటిపేరుకి గడి లేదు. ఆ తర్వాతి తరాలకి తాతల సొంత పేర్లే ఇంటిపేర్లయి, అప్పడూ, అప్పన్నా లాంటివి నిలిచిపోయాయి. లంకలూ పర్రులూ ఓడరేవులోనే దిగిపోయాయి. అవతలి ఒడ్డు పేరు పెడుతుందన్నాను కదా. అంత దూరపు ఒడ్డుకి లంక ఏమిటో, కుర్రు ఏమిటో తెలియదు, ఓడ బయల్దేరిన రేవు మాత్రం తెలుసు. అందుకే వేలమందికి కలిపి ఒకే ఇంటిపేరు పెట్టింది, కోరంగి అని.

ఇదంతా మన ఒక్కరి అలవాటే అనుకోనక్కర్లేదు. జపానులో 1875లో ప్రతి మనిషికీ ఇంటిపేరు ఉండి తీరాలని ప్రభుత్వం ఉత్తర్వు చేసింది. అక్కడి నకజిమ అంటే నడిమి దీవి, తనక అంటే మడి నడుమ. స్వీడన్‌లో పేరు చివర హోల్మ్ అంటే చిన్న లంక. స్టాక్‌హోమ్ నగరం చివరా అదే లంక ఉంది. నకజిమ వారినీ, లిండ్‌హోల్మ్ వారినీ లంకా వారినీ ఒక పంక్తిలో కూచోబెడితే ఒకరి భాష ఒకరికి రాకపోయినా నీళ్ల సంగతులు మాట్లాడుకోగలరు.

తేడా ఏమిటంటే, నకజిమ దీవి రాతిమీద ఉండవచ్చు. మా లంక ఇసుక మీద ఉంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల నీరు పోయింది, 2022 జూలైలో 25 లక్షలు దాటింది. అలాంటి వరద పోయాక లంకల్లో నేలని కొలతేసి చూస్తే ఒక అంచున ఎకరాలు కోసుకుపోయి, ఇంకో అంచున కొత్త మేట తేలి ఉంటుంది. దస్తావేజులో సర్వే నంబరు ఉంటుంది, దాని మీద పడవ నడుస్తుంటుంది. మా మిత్రుడి పూర్వులు వచ్చిన లంక ఈపాటికి సముద్రం పాలయిందో, గట్టుకి అతుక్కుని చెరకుతోట అయిందో. పంటు మీది పెద్దాయన అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పవలసిన నేలే జారిపోయి ఉండవచ్చు.

నరసాపురం రేవు దగ్గరపడింది. జనం బళ్లు స్టార్టు చేసుకుంటున్నారు. ఇంతసేపూ ఊరుకున్న మావాడు పెద్దాయన వైపు తిరిగాడు.

‘‘మరి తమరి ఇంటిపేరండీ?’’

‘‘కొండేటి వారమండీ.’’

మావాడి మొహం వెలిగింది. చుట్టూ చూశాడు. అటు కొబ్బరితోటలు, ఇటు గోదావరి, అరచేయిలా చదునుగా నేల.

‘‘ఏ కొండండీ?’’

‘‘ఆయ్,’’ అని నవ్వేసి పెద్దాయన తన సైకిలుని బల్ల మీంచి ఒడ్డుకి దింపాడు.